ఉడకబెట్టి పారెయ్

"వేళ్ళు విరిచేశారు కదా, ఇప్పుడు సంతకం ఏ చేత్తో పెట్టిస్తారు?" అని అడిగాను.

ఇన్‌స్పెక్టర్ త్యాగరాజన్ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టాడు. "ఎడమచేతి బొటనవేలు బాగానే ఉంది, మిస్టర్ త్రిమూర్తులు. కోర్టుకి అది చాలు," అన్నాడు అరవంలో. ఆ మనిషి గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. కోపిష్టివాడితో ఎలాగైనా వేగవచ్చు, ఇలాంటి చల్లటివాడితోనే చావు.

బల్లకు అవతల, నేలమీద అబ్బులు కూర్చుని ఉన్నాడు. యానాం కుర్రాడు, ఇక్కడ ఒక రంగుల కంపెనీవాళ్ళ పరిశోధనశాలలో అటెండరు. వాచిపోయిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తున్నాడు. నా వెనక గోడకు ఆనుకుని వాళ్ళమ్మ నూకాలమ్మ నిలబడింది. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి పొద్దున్నే ముత్తియాల్‌పేటలో నా గది మెట్లెక్కింది. ఈ అరవ ఊళ్ళో డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న యానాంవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

సోమవారం రాత్రి ఆ పరిశోధనశాలలో డాక్టర్ భ్రమరాంబ చనిపోయింది. సూక్ష్మజీవుల్ని పెంచిన గాజు గొట్టాలు పాడవకుండా దాచడానికి అక్కడొక చలిగది ఉంది. ఐసుపెట్టెలాంటిదే, కాకపోతే మనిషి నడిచి లోపలికి వెళ్ళవచ్చు. ఆవిడ లోపలుండగా ఎవరో బయట గడియ పెట్టారు. ఆవిడకు ఉబ్బసం. ఊపిరి పట్టేసినప్పుడు నోట్లో పీల్చే మందు చేతిసంచిలో ఉంది, చేతిసంచి తలుపుకు ఇవతల బల్లమీద ఉంది. మంగళవారం పొద్దున తలుపు తీసి చూసినవాడు అబ్బులు. ఆ తీయడమే వాడు చేసిన పాపం.

"మీ దగ్గరున్న సాక్ష్యం ఏమిటి?" అన్నాను.

"ఆ బిల్డింగు తాళంచెవులు నలుగురి దగ్గరున్నాయి. చనిపోయినావిడ, డైరెక్టర్ అనంతరామన్, సీనియర్ ఆఫీసర్ ఆర్. ఆదికేశవన్, వీడు. చలిగదిలోంచి ఒకే ఒక్క స్టాండు మాయమైంది, దానిమీద తెలుగులో రాసి ఉంది. ఆవిడ పోయాక అక్కడ తెలుగు చదవగలిగినవాడు వీడొక్కడే. నిన్న సాయంత్రం ఎవరో ఫోను చేసి చెబితే వీడి గది సోదా చేశాం. స్టాండు మంచం కింద ఉంది. బయట ఏ కంపెనీకో అమ్ముకోవడానికి దాచాడు. ఆవిడ చూసింది, లోపల పెట్టి మూసేశాడు. ఇంకేం కావాలి మీకు?"

ఆ స్టాండు బల్లమీదే ఉంది. చెక్కది. దూది బిరడాలు పెట్టిన గొట్టాలు వరసగా ఉన్నాయి. అంచున తెల్ల ప్లాస్టరు ముక్క, దానిమీద గుండ్రటి తెలుగు అక్షరాలు.

"దీన్ని ఎవరిచేతైనా చదివించారా?"

"ఎందుకు? అది ఆ బాక్టీరియా పేరు. విలువైంది కాబట్టే ఎవరికీ అర్థం కాకుండా తెలుగులో రాసుకుందావిడ. డైరెక్టరుగారూ అదే అన్నారు."

నేను వంగి చదివాను. ఒక నిండు ప్రాణం పోయిన కేసులో నవ్వు రాకూడదు కానీ వచ్చింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ బాక్టీరియా పేరు 'అబ్బులూ, ఉడకబెట్టి పారెయ్'."

అతని ముఖంలో ఏ మార్పూ లేదు. రెండుసార్లు గొట్టాల వైపు చూశాడంతే. "వీడే రాసి అంటించుకుని ఉండవచ్చు," అన్నాడు.

"వాడితో మాట్లాడనివ్వండి."

"అరవంలో మాట్లాడండి."

"వాడు మూలిగేది తెలుగులో. నేను అడిగేదీ తెలుగులోనే." అని అబ్బులు ముందు గొంతుక్కూర్చున్నాను. "ఒరేయ్, ఈ ప్లాస్టరు ఎవరంటించారు?"

"భ్రమరాంబగారేనండి. రోజూ సాయంత్రం అంతేనండి. పారేసే వాటిమీద తెలుగులో రాసి తలుపు పక్కన కింద పెట్టేవోరండి. నాకు ఇంగ్లీషు రాదు కదండి. అయ్యి బతికుండగా కాలవలో పొయ్యకూడదండి, పెద్ద కుక్కర్లో ఉడకబెట్టి అప్పుడు పారబొయ్యాలండి. మందులకి కూడా సావవంటండి అయ్యి."

"సోమవారం నోటితో కూడా చెప్పిందా?"

"ఆయ్. వరండాలో చెప్పేరండి. 'తెలుగు అంటించిన స్టాండు జాగ్రత్త, ఎవర్నీ ముట్టుకోనివ్వకు, తెల్లారగానే నువ్వే తియ్యి' అన్నారండి."

"అప్పుడు అక్కడ ఇంకెవరున్నారు?"

"డైరెక్టరుగారూ, ఆదికేశవన్‌గారూ మెట్లకాడ నిలబడి మాటాడుకుంటన్నారండి. ఆళ్ళకి తెలుగు రాదు కదండి."

నూకాలమ్మ ముందుకు వచ్చి కొడుకు చెయ్యి పట్టుకోబోయింది. కానిస్టేబుల్ అళగేశన్ లాఠీ అడ్డం పెట్టాడు. "ఏటైంది బాబూ ఆ సేతికి?" అని ఆమె నన్నడిగింది. తలుపు సందులో పడిందని చెప్పాను.

లేచి త్యాగరాజన్‌తో అన్నాను: "ఇవాళ మధ్యాహ్నం వీణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడతారు. అక్కడ యానాం గుమాస్తాలు ఉన్నారు. మీరు నిధిలా పట్టుకెళ్ళిన స్టాండు మీద ఏముందో వాళ్ళు పైకి చదువుతారు. కోర్టంతా నవ్వుతుంది. నాకు పన్నెండు దాకా టైమివ్వండి, ఈ స్టాండు కూడా ఇవ్వండి."

అతను చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు. పరువు పోతుందంటే ఎంత చల్లటివాడైనా కాస్త వేడెక్కుతాడు.

"స్టాండు అళగేశన్ చేతిలో ఉంటుంది, మీరు ముట్టుకోకూడదు," అన్నాడు చివరికి. "పన్నెండుకి వీణ్ణి జీపులో అక్కడికి తీసుకొస్తాను. నా చేతికి ఇంకో మనిషిని, వాడు చేశాడని చెప్పే సాక్షినీ ఇవ్వండి, వీణ్ణి మీరు తీసుకుపోండి. లేకపోతే వాళ్ళమ్మ ఎదుటే వీడిచేత వేలిముద్ర వేయిస్తాను. చూసి నేర్చుకుంటుంది."

పరిశోధనశాల రెడ్డియార్‌పాళయం దాటాక ఉంది. డైరెక్టర్ అనంతరామన్ మద్రాసు మనిషి, చేరి రెండేళ్ళయింది. శవాన్ని తీసుకెళ్ళిన మూడోరోజుకే ముఖం నున్నగా గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నూకాలమ్మను గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి నేను ఆయన ఎదుట కూర్చున్నాను. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, కాస్త అరవంలో.

"ఈ స్టాండులో ఉన్నదాని కోసం మనిషిని చంపుతారా?"

"దేశాలు కొట్టుకుంటాయి," అన్నాడు గర్వంగా. "రంగుల ఫ్యాక్టరీల మురుగులో విషపదార్థాలు ఉంటాయి. అవి కాలవల్లో, సముద్రంలో ఏళ్ళ తరబడి పోవు. కురుచికుప్పంలో చేపలు చచ్చి తేలుతున్నాయని జాలర్లు గొడవ చేస్తున్నారే, అవే. ఆ మురుగు పారే కాలవ బురదలో ఆ విషాన్నే తిని బతికే బాక్టీరియా ఒకటి దొరికింది. విషాన్ని విరగ్గొట్టే ఎంజైము దాని దగ్గరుంది. కానీ అది మొండిది, పెంచితే పెరగదు."

"అందుకని?"

"ఆ ఎంజైమును తయారుచేసే జన్యువును కోసి తీసి, ఇంకొక సాధు బాక్టీరియాలో పెట్టాం. మన పేగుల్లో ఉండే జాతిది. గంగిగోవులాంటిది. చెప్పిన చోట పెరుగుతుంది, ఎంజైమును కుండలకొద్దీ చేస్తుంది. మూడేళ్ళ పని."

"పెట్టాం అంటే ఎవరు పెట్టారు?"

"భ్రమరాంబ."

"బురద తెచ్చింది?"

"నేను," అన్నాడు పక్కన నిలబడి ఉన్న ఆదికేశవన్. నలభై దాటిన మనిషి. మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్లకోటు. మాట్లాడింది అరవంలో. "ఆ బాక్టీరియాను విడదీసింది కూడా నేనే."

"ఈ పని గురించి అచ్చయిన వ్యాసంలో మీ పేరుందా?"

"లేదు," అన్నాడు. "చివర ధన్యవాదాలు చెప్పారు."

"సోమవారం రాత్రి ఎక్కడున్నారు?"

"ఎనిమిదింటికి ఇంటికి వెళ్ళిపోయాను. ఇక్కడికి దగ్గరే, రెడ్డియార్‌పాళయంలో. తాతల నాటి ఇల్లు. మా ఆవిణ్ణి అడగండి."

"మీరు?" అన్నాను అనంతరామన్‌తో.

"క్లబ్బులో. భోజనం అయ్యేసరికి పది." ఆయన చికాగ్గా వాచీ చూసుకున్నాడు. "డిటెక్టివ్‌గారూ, స్టాండు దొరికింది కదా, ఇప్పించండి. ఆ జీవులు గది వేడిలో ఉంటే పాడైపోతాయి."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆయనకు భ్రమరాంబ పేరు తలుచుకోవడం కంటే ఆ గొట్టాలు చల్లగా ఉండటం ముఖ్యం. నేను లేచి చలిగది చూస్తానన్నాను.

తలుపు మందంగా, చుట్టూ రబ్బరు పట్టీతో ఉంది. లోపలివైపు పిడి లేదు. ఊడిపోయి నెలలైందట, బాగుచేయించడం ఎవరికీ గుర్తులేదట. లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపు మూసుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టుకుంటారట. ఆ ఇటుక ఇప్పుడు బయట గోడవారన ఉంది. రబ్బరు పట్టీ మీద, మనిషి కూర్చుంటే చేతులందే ఎత్తులో, గోళ్ళతో గీరిన గీతలున్నాయి. నిలబడి గీరినవి పైన కొన్నే ఉన్నాయి. కిందవాటిని నేను ఎక్కువసేపు చూడలేదు.

లోపల ఫినాయిల్ కంపు ముక్కు పగలగొడుతోంది. అరల నిండా స్టాండ్లు, అన్నిటి మీదా ఇంగ్లీషు నంబర్లే. ప్రతి గొట్టంలోనూ పాలలాంటి తెల్లటి మడ్డి.

"ఇది ఎవరు పోశారు?"

"అబ్బులే," అన్నాడు అనంతరామన్. "తను ఎత్తుకుపోయింది తప్ప ఇంకెవరి దగ్గరా నకలు మిగలకూడదని."

"ఈ నంబర్లలో ఏది ఏమిటో మీకు తెలుసా?"

"తెలియదు. ఆమె ఎవర్నీ నమ్మేది కాదు. నంబర్లన్నీ తన తలలో ఉండేవి."

నేను టార్చి పట్టుకుని అరల వెనక సందులన్నీ చూశాను. పైఅర వెనక, గోడకీ చెక్కకీ మధ్య, ఒక గాజు పళ్ళెం నిలువుగా జారి ఇరుక్కుని ఉంది. మూత ఉంది. లోపల జెల్లీలాంటి దానిమీద చిన్న చిన్న తెల్లటి బొట్లు, ఫినాయిల్ తగలనివి. పళ్ళెం మీద వేసిన నంబరు, పైఅరలోని మొదటి స్టాండు నంబరు ఒకటే. ఎవరికీ చెప్పకుండా దాన్ని చేతిరుమాల్లో చుట్టుకున్నాను.

బయటికొచ్చి అనంతరామన్‌ను అడిగాను. "అసలైన బాక్టీరియా అవునో కాదో తెలుసుకునే పరీక్ష ఉందా?"

"చాలా తేలిక. రంగులేని మందు ఒకటి చల్లాలి. ఎంజైము ఉంటే అర నిమిషంలో పచ్చగా మారుతుంది."

మందు భ్రమరాంబ బీరువాలో ఉంది. అళగేశన్ స్టాండు బల్లమీద పెట్టాడు. డైరెక్టర్ ఒక గొట్టంలోంచి చుక్క తీసి గాజు పలక మీద వేసి మందు చల్లాడు. అందరం తల వంచి చూస్తున్నాం. అర నిమిషం అయింది, నిమిషం అయింది, చుక్క నీళ్ళలాగే ఉంది. ఇంకొకటి, మరొకటి.

"ఇవి జన్యువును వదిలేశాయి," అన్నాడు నమ్మలేనట్టు. "మేం పోసే యాంటీబయాటిక్ తక్కువైతే, ఈ బరువు మనకెందుకని జన్యువును పారేస్తాయి. ఇవి ఎందుకూ పనికిరావు. చెత్త."

చెత్త అన్న మాటకు ఆదికేశవన్ ఆశ్చర్యపోలేదు. అంతకుముందే తెలిసినవాడు ఆశ్చర్యపోడు. అయితే అది సాక్ష్యం కాదు. నాకు ఇంకా గట్టిది కావాలి. పన్నెండు కావస్తోంది.

అప్పుడు నేనొక పని చేశాను. గుమ్మం దగ్గరికి వెళ్ళి, బస్సు టైము చెబుతున్నంత మామూలుగా, తెలుగులో, అందరికీ వినపడేటట్టు అన్నాను:

"అమ్మా, గుండె దిటవు చేసుకో. మనం వచ్చేశాక స్టేషన్లో అబ్బులు పోయాడు. దెబ్బలకు తట్టుకోలేకపోయాడు."

నూకాలమ్మ నన్ను చూసింది. అర్థం కాక కాదు, అర్థమైనదాన్ని వద్దనుకుంటూ చూసింది. తర్వాత స్టూలు మీదనుంచి అలాగే కిందికి జారి, రెండు చేతులతో నేల చరిచింది. "ఎర్రటి ఎండలో యానాం నుంచి పంపించేను బాబూ! మంచి ఉజ్జోగం అని పంపించేను!" ఆ గదిలో గాజు సామానంతా ఆ కేకకు గణగణమంది. నేను ఆమెను చూడటం లేదు. ఆ ఇద్దర్నీ చూస్తున్నాను.

"ఏమైంది? ఏం చెప్పారామెకి?" అన్నాడు అనంతరామన్ గాభరాగా. "ఎందుకేడుస్తోంది?" అన్నాడు మళ్ళీ. గుమ్మంలో అళగేశన్ కూడా "ఎన్న సార్, ఎన్న ఆచ్చు?" అని ఒకటే అడగడం.

ఆదికేశవన్ ఏమీ అడగలేదు. కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు వంచి, తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. పెట్టి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. భుజాలు రెండూ కిందికి దిగాయి, మూడు రోజులుగా మోస్తున్న మూట దించినట్టు. తన పాపాన్ని మోసేవాడు చచ్చిపోయాడు కదా.

"ఆదికేశవన్, ఈవిడ ఎందుకేడుస్తోంది?" అన్నాను అరవంలో.

"నాకెలా తెలుస్తుంది?"

"తెలియనివాళ్ళు అడుగుతారు. డైరెక్టరుగారు అడిగారు, కానిస్టేబులూ అడిగాడు. మీరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారేం?"

"ఏడుస్తున్న మనిషికి నీళ్ళిచ్చాను. అదీ తప్పేనా?"

"తప్పు కాదు. రెడ్డియార్‌పాళయంలో తాతల నాటి ఇల్లన్నారు. అక్కడి పాత ఇళ్ళు ఎప్పుడో వలసొచ్చిన తెలుగువాళ్ళవి, వాటిలో ముసలమ్మలు మనవల్ని ఏ భాషలో తిడతారో నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవమూ ఇంగ్లీషూ. మాట చెవికి వస్తుంది, అక్షరం కంటికి రాదు. సోమవారం వరండాలో భ్రమరాంబ 'తెలుగు అంటించిన స్టాండు జాగ్రత్త, ఎవర్నీ ముట్టుకోనివ్వకు' అంది. మీరు విన్నారు. అంత జాగ్రత్తగా చూడమంటోంది కాబట్టి అదే అసలుదనుకున్నారు. ఆవిడ జాగ్రత్త అన్నది అవి చెత్త కాబట్టి. ఉడకబెట్టకుండా బయట పడకూడదు కాబట్టి. ఆ సంగతి దానిమీద రాసే ఉంది. తెలుగు చదవడం వచ్చినవాడెవడూ దాన్ని దొంగిలించడు. అబ్బులు అసలే దొంగిలించడు, రోజూ పారేసేవాడు వాడే కదా."

"కట్టుకథ," అన్నాడు. కానీ పెదవులు తడుపుకున్నాడు.

"ఇంటికి తీసుకుపోయి మందు చల్లి చూశారు. రంగు మారలేదు. పనికొచ్చేదైతే మీ దగ్గరే ఉండేది. పనికిరాలేదు కాబట్టి వాడి మంచం కిందికి పోయింది, పోలీసులకు ఫోనూ పోయింది." అంటూ చేతిరుమాలు విప్పి పళ్ళెం బల్లమీద పెట్టాను. "ఇప్పుడిది చూడండి. మీరు ఫినాయిల్ పోసిన మొదటి స్టాండు నంబరే దీనికీ ఉంది."

మూత తీసి మందు చల్లాను. నేను చేతిలో సీసా దించేలోపే తెల్లటి బొట్లన్నీ ఒక్కొక్కటే పచ్చబడ్డాయి, పసుపు నీళ్ళు చిలకరించినంత పచ్చగా.

"బతికుంది!" అని అరిచాడు అనంతరామన్. నేలమీద ఒక తల్లి గుండెలు బాదుకుంటుంటే ఆయన ఆ పళ్ళేన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "మూడేళ్ళ పని! బతికుంది!"

ఆదికేశవన్ ఆ పచ్చదనాన్ని చూసి బల్ల అంచు పట్టుకున్నాడు. అసలైనదాన్ని తన చేత్తోనే చంపానని ఆ క్షణంలో తెలిసింది అతనికి. మనిషిని చంపింది దేనికోసమో అది చెత్త. ఫినాయిల్ పోసిందే అసలుది. కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడైనా నేను వెనక్కి తిరిగి నూకాలమ్మతో ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. వేటగాడికి వేట దొరికాక ఇంకేం కనపడుతుంది? సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఆ క్షణం చాలా బాగుంది. ఇంకా బాగుండాలనిపించింది.

"చెప్పు," అన్నాను. "తెలుగులో చెప్పు. ఎవరి కొడుకును ఇరికించావో ఆ తల్లికి అర్థం కావాలి."

అతను తల పైకెత్తలేదు. మాట వచ్చేసరికి అది ఇంటి మాటే వచ్చింది.

"ఆ బురద యాడిదో తెలుసునా మీకు? మోకాటి లోతు మురుగులో దిగి తెచ్చింది నేను. వాసన పోవాలని ఇంట్లో నన్ను గడప తొక్కనీలేదు. పేరేమో ఆయమ్మది. ఆ రేత్రి స్టాండు బయట పెట్టేసి, మిగిలిండేదాంట్లో ఫినాయిల్ పోస్తా ఉంటి. ఆయమ్మ వచ్చి చూసె. 'ఏంది సార్ ఇది' అని లోపలికి వచ్చె. నేను బయటికి దూకి కదవు మూసేస్తిని."

"ఉబ్బసం ఉందని తెలుసు కదా?"

"తెలుసు. కదవు తట్టతా ఉండె. 'సార్, మందు ఒకటి ఇయ్యండి, నేను ఎవురికీ చెప్పను' అనె. బ్యాగు నా ఎదురుగానే ఉండె. తీస్తే చెప్పేస్తాది కదా అని నిలబడుకోనుంటి. రవ్వంతసేపటికి తట్టేది నిలిచిపోయె. ఇంటికి పోయి సాపాడు తింటిని."

"అబ్బులు?"

"వాడు అటెండరు కదా," అన్నాడు, అదే జవాబైనట్టు. "వాడికి యెవురుండారు అడిగేదానికి?"

నా వెనక ఏడుపు ఎప్పుడాగిందో నేను గమనించలేదు. గ్యాసు సిలిండర్లు బిగించే పెద్ద ఇనప స్పానరు గోడకు వేలాడుతూ ఉంది. ఆమె నా పక్కనుంచే నడిచి వెళ్ళింది, నీళ్ళు తాగడానికి వెళుతుందనుకున్నాను. మొదటి దెబ్బకు ఆదికేశవన్ కుర్చీలోంచి పక్కకు ఒరిగాడు. రెండో దెబ్బకు కిందపడ్డాడు. అళగేశన్ లాఠీ పారేసి పరిగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకునేసరికి మూడోది కూడా అయిపోయింది. అనంతరామన్ పళ్ళేన్ని గుండెలకు అదుముకుని మూలకు పోయి నిలబడ్డాడు.

నేను వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, మెడ దగ్గరా చూశాను. ఏమీ లేదు.

నూకాలమ్మ ఆయాసపడుతోంది. స్పానరు తనంతట తనే వదిలేసింది. "బాబూ," అంది నాతో, ఎంతో మామూలుగా, "నా కొడుకుని ఇత్తారా? మా ఊరట్టుకెళ్ళిపోతాను. ఇక్కడ తగలెయ్యొద్దు."

నేను లేచి ఆమె ఎదుటికి వెళ్ళాను.

"అమ్మా, అబ్బులు బతికే ఉన్నాడు. వీడిచేత చెప్పించడానికి అబద్ధం ఆడాను."

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. "బతికే ఉన్నాడా," అంది. అంతే. తన చేతుల్ని చీర చెంగుకు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా ఆ చెంగే ఎర్రబడుతోంది తప్ప చేతులు శుభ్రం కావడం లేదు.

వాకిట్లో జీపు ఆగింది. త్యాగరాజన్ చెప్పిన టైముకే వచ్చాడు. ముందు అతను, వెనక గుడ్డ చుట్టిన చెయ్యి పొట్టకు ఆనించుకుని అబ్బులు. గుమ్మంలోకి వచ్చి అబ్బులు లోపలికి చూసి "అమ్మా, ఏటే ఇది?" అన్నాడు. ఆమె వాడి వైపు ఒక్క అడుగు వేసింది. అళగేశన్ చేతులు వదల్లేదు.

త్యాగరాజన్ శవం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. నేను జరిగిందంతా చెప్పాను. తొందర తొందరగా, అతుకులు అతుకులుగా చెప్పాను. అతను వింటూ జేబులోంచి రుమాలు తీసి స్పానరు మీద కప్పాడు.

"ఒప్పుకున్నాడా? మంచిది. ఎవరు విన్నారు?" అన్నాడు. "డైరెక్టరుగారూ, మీరు విన్నారా?"

"తెలుగులో ఏదో చెప్పాడు," అన్నాడు అనంతరామన్. "నాకేం అర్థం కాలేదు. నన్ను ఇందులోకి లాగకండి. ఈ పళ్ళెం నేను ముందు చలిగదిలో పెట్టాలి."

"అళగేశన్?"

"తెలుంగు సార్. తెరియాదు."

"అయితే విన్నది మీరూ, ఈవిడా," అన్నాడు త్యాగరాజన్ నా వైపు తిరిగి. ఇంతకాలానికి మొదటిసారి అతను నవ్వడం చూశాను. "ఈవిడ మనిషిని చంపింది. మీరు ఈవిడ తరఫున పనిచేస్తున్నారు. నేను అడిగింది సాక్షిని, మిస్టర్ త్రిమూర్తులు. మీరు నాకు ఇచ్చింది శవాన్ని. కొడుకు దొంగతనం బయటపెట్టిన ఆఫీసర్ని తల్లి చంపింది. మేజిస్ట్రేటుకి ఈ కథ ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది." అని అళగేశన్‌కి సైగ చేశాడు. "ఆమెకు బేడీలు వెయ్యి. వాడి వేలిముద్ర ఇక్కడే తీసుకుందాం. సిరా పెట్టె జీపులో ఉంది."

అళగేశన్ ఆమెకు బేడీలు వేసి బయటికి వెళ్ళాడు. అబ్బులు నా వైపూ అమ్మ వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఏదో ఒకటి చేయండని ఆ చూపు.

"ఆయన ఏటంటన్నాడు బాబూ?" అని అడిగింది నూకాలమ్మ. "ఆడు సెప్పేసేడు కదా, మనిద్దరం ఇన్నాం కదా. నా కొడుకుని వొదిలేత్తారంటన్నాడా?"

వదలడని చెప్పాను. ఎందుకు వదలడో కూడా, తెలుగులో, ఒక్కొక్క మాటా ఆమెకు చెప్పాను.